పైపొర కుట్టినంత మాత్రాన బొంత పూర్తికాదు

సంపాదకులు గారికి నమస్కారాలు.

పాత చీరలతో, మిగిలిపోయిన బట్ట ముక్కలతో బొంతలు కుట్టుకోవాలన్న ఉత్సాహం ఈమధ్య మన ఆడవాళ్లలో మళ్లీ కనిపిస్తోంది. పత్రికల్లోని మహిళల పేజీలూ, వేసవి సెలవుల్లో నడిచే కుట్టు శిక్షణ తరగతులూ అందుకు తోడ్పడుతున్నాయి. చాలా ఏళ్లుగా ఇంటిదగ్గర మిషన్ పెట్టుకుని కుట్టుపని చేస్తున్న నాకు ఇది ఎంతో సంతోషం కలిగించే విషయం. అయితే ఇవన్నీ ముక్కలు కత్తిరించి, రంగులు పొందికగా అమర్చి, ఒకదానికొకటి జోడించి పైపొర తయారుచేయడం దగ్గరే ఆగిపోతున్నాయి. ఆ తరువాతి పనంతా ‘మధ్యలో దూది పొర, అడుగున బట్ట పెట్టి కుట్టేయాలి’ అన్న ఒక్క వాక్యంలో తేలిపోతోంది. ఆ ఒక్క వాక్యంలో ఉన్న శ్రమ ఎవరి మీద పడుతోందో, ఆ శ్రమను పైపొర తయారుచేసిన మనిషి ముందుగానే ఎంత తగ్గించగలదో చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన అమ్మమ్మల కాలంలో ఈ సమస్య లేదు. అప్పటి బొంతకు పైపొర అంటూ విడిగా ఉండేది కాదు. నాలుగైదు పాత చీరలను పొరలు పొరలుగా పరిచి, చిరిగిన చోట అతుకు వేస్తూ, ఒక మూల నుంచి మొదలుపెట్టి దారం లాక్కుంటూ పోయేవారు. పొరుగు రాష్ట్రం కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా సంతతికి చెందిన సిద్దీ స్త్రీలు కుట్టే కవందీ అనే బొంత కూడా ఇలాంటిదే. వాళ్లు అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. ముక్కను అతికే కుట్టే పొరలన్నిటినీ కలిపి పట్టుకుంటుంది కాబట్టి ముక్కలు అతికే పనీ, పొరలు కలిపే పనీ ఒకేసారి, ఒకే చేతి మీద జరిగిపోతాయి. బట్ట ఎక్కడైనా కాస్త లూజుగా ఉంటే ఆ చెయ్యే దాన్ని గమనించి, కుట్టుకూ కుట్టుకూ మధ్య కొంచెం కొంచెంగా సర్దేస్తుంది. ఎవరు చేసిన లోపం వాళ్ల సూది కిందికే వస్తుంది, వాళ్లే సరిచేసుకుంటారు.

ఇప్పుడు ఆ పని రెండుగా చీలింది. ముక్కలు అతికేది ఒకరు, పొరలు కలిపి మిషన్ మీద కుట్టేది ఇంకొకరు. అతుకులు వేసేటప్పుడు జరిగిన చిన్న తేడా అతికిన మనిషికి కనిపించదు. అది నాలాంటి వాళ్ల ఇంటికి వచ్చి, మిషన్ కిందికి వెళ్లాకే బయటపడుతుంది.

మిషన్‌కు సర్దుకోవడం తెలియదు. అడుగున ఉండే పళ్లు కింది బట్టను లాక్కుని పోతాయి, పైనున్న ఫుట్ పై బట్టను అదిమి పట్టుకుంటుంది. అందువల్ల మూడు పొరలు కలిసి వెళ్లేటప్పుడు అడుగు పొర ముందు కదులుతుంది, పై పొర వెనకబడి ఫుట్ ముందు పోగుపడుతుంది. అలా పోగుపడిన బట్ట, అంతకుముందే అడ్డంగా కుట్టిన వరుస దగ్గరికి వచ్చేసరికి ఎటూ పోవడానికి దారిలేక మడతపడి, ఆ మడత మీదుగానే కుట్టు పడిపోతుంది. వాకింగ్ ఫుట్ అనే ప్రత్యేకమైన ఫుట్ ఒకటి ఉంది. దానికి పైన కూడా పళ్లుంటాయి కనుక రెండు పొరలూ దాదాపు సమానంగా నడుస్తాయి. కానీ పొరల నడకలో వచ్చే తేడాను మాత్రమే అది తగ్గిస్తుంది, పైపొరలోనే ఎక్కువగా ఉన్న బట్టను ఏ ఫుట్టూ తగ్గించలేదు.

ఇదంతా నా చిన్ననాటి స్నేహితురాలు తెచ్చిన పైపొర విషయంలో నాకు పూర్తిగా అనుభవమైంది. చనిపోయిన వాళ్లమ్మ గారి చీరలన్నీ పోగుచేసి ఆమె దాన్ని తయారుచేసింది. మంగళగిరి నూలు చీరలు, రెండు వెంకటగిరి చీరలు, ఒక గద్వాల చీర, ఆ తల్లి కుర్చీలో కూర్చుని టీవీ చూసేటప్పుడు కట్టుకునే జార్జెట్ చీర ఒకటి అందులో ఉన్నాయి. రంగుల ఎంపిక ఎంత బాగుందో మాటల్లో చెప్పలేను. ఆకుపచ్చ మంగళగిరి పక్కన వంకాయరంగు గద్వాల అంచు వేయాలన్న ఆలోచన నాకు ఎన్నటికీ వచ్చేది కాదు. ఆమె దాన్ని నా చేతుల్లో పెట్టి, “అసలు పనంతా అయిపోయిందే, నువ్వు మిషన్ మీద ఓసారి తిప్పేస్తే చాలు” అంది. ఎంతో నమ్మకంతో, ప్రేమతో అన్న మాట అది. అయినా ఆ మాటలో రెండో మనిషి పని అంటూ ఏమీ మిగలలేదన్నది గమనించాలి.

నేల మీద పరిచి చూస్తే నడుమంతా చదునుగా పడుకుంది గాని, చుట్టూ వేసిన అంచు అలలు అలలుగా లేచి నిలబడింది. టేపు పెట్టి కొలిస్తే నడిమి భాగంలో నిలువు పొడవు 84 అంగుళాలు ఉంటే, అంచు దగ్గర 87 వచ్చింది. ఇది చాలామంది చేసే పనే. పొడవాటి పట్టీని కొలవకుండా ఒక కొసన మొదలుపెట్టి, మిషన్ లాక్కున్నంత బట్టను కుట్టేసి, చివర మిగిలింది కత్తిరిస్తారు. అలా కొలత లేకుండా కుట్టడంతో ప్రతి వైపూ రెండు మూడు అంగుళాలు అదనంగా చేరిపోతాయి. పైపొర నడిమి కొలత తీసుకుని, పట్టీని ముందుగా సరిగ్గా అంతే పొడవుకు కత్తిరించి, రెండు కొసలూ, నడిమీ, పావు భాగాలూ గుండుసూదులతో కలిపి కుట్టి ఉంటే ఈ అలలు వచ్చేవే కావు. ఆమెను పిలిచి చూపిస్తే, “గట్టిగా ఇస్త్రీ చేస్తే దిగిపోదుటే?” అని అడిగింది. ఇస్త్రీ ముడతను పోగొడుతుంది గాని, ఉన్న బట్టను కురచ చేయలేదు కదా. మూడు అంగుళాల బట్ట ఎక్కడో ఒకచోట ఉండే తీరుతుంది. అది మడతగా ఉండాలా, కుట్టు విప్పి పట్టీ తీసివేయాలా అన్నదే ప్రశ్న.

లోపలి ముక్కల సంగతి ఇంకా సూక్ష్మమైనది. అతుకు వేసేటప్పుడు కుట్టు అవతల పావు అంగుళం బట్ట వదలాలని అందరూ నేర్పుతారు. కానీ ఆ పావు అంగుళం ప్రతిచోటా ఒకేలా ఉండకపోతే ఏమవుతుందో ఎవరూ లెక్క వేసి చూపించరు. ఒక్కో కుట్టు దగ్గర అంగుళంలో 16వ వంతు ఎక్కువగా పట్టుకున్నా, రెండు వైపుల ముక్కలూ అంతంత తగ్గుతాయి కాబట్టి ఎనిమిది కుట్లకే ఒక అంగుళం పోతుంది. ఒక వరుసలో పోయి, పక్క వరుసలో పోకపోతే ఆ రెంటినీ కలిపేటప్పుడు పెద్దదాన్ని తోసి, చిన్నదాన్ని లాగి ఎలాగో జోడిస్తారు. పైకి మూలలు కలిసినట్టే కనిపిస్తాయి గాని, ప్రతి గడిలోనూ కొంచెం ఉబ్బు దాగి ఉంటుంది. ఐమూలగా కత్తిరించిన ముక్కలైతే మరీ కష్టం. నిలువు పోగు వెంట గాని అడ్డ పోగు వెంట గాని కత్తిరించిన అంచు నిలకడగా ఉంటుంది, ఐమూల అంచు చేతితో ముట్టుకుంటేనే సాగుతుంది. త్రిభుజాల నమూనా వేసేవాళ్లు నూలు బట్టకు ముందే పలుచగా గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, అప్పుడు కత్తిరిస్తే సగం బాధ తప్పుతుంది. కత్తిరించిన తరువాత కూడా ఇస్త్రీపెట్టెను అటూ ఇటూ రుద్దకుండా, ఎత్తి పెట్టి అదిమి తీయాలి.

మన చీరల బట్టలతో పని చేసేటప్పుడు మరికొన్ని చిక్కులున్నాయి. బజారులో బొంతల కోసం అమ్మే నూలు బట్టలన్నీ దాదాపు ఒకే మందంలో ఉంటాయి. మన ఇంట్లోని బీరువా అలా ఉండదు. మంగళగిరి చీర దట్టంగా నేసింది, కత్తెరకూ సూదికీ లొంగుతుంది. వెంకటగిరి చీర సన్నని పోగుతో నేసింది కాబట్టి దాని వెనక ఏ ముదురు రంగు ముక్క అంచు మడిచి ఉన్నా నీడలా పైకి కనిపిస్తుంది. అందుకే కుట్టు వెనక మిగిలిన బట్టను లేత రంగు వైపు కాకుండా ముదురు రంగు వైపు తిప్పి ఇస్త్రీ చేయాలి. మధ్యలో పాలియెస్టర్ షీటు వేస్తే ఆ సన్నని నేత గుండా దాని పీచు నూగులా బయటికి వస్తుంది. అలాంటి చోట లోపల పలుచని మల్లుగుడ్డ వేయక తప్పదు. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ పైటా పట్టు కాబట్టి రెండూ కలిసి ఉన్న ముక్కను ఉతికితే రెండూ ఒకే రకంగా కుంచించుకుపోవు. ఏళ్ల తరబడి మడతపెట్టి ఉంచిన పట్టు, జరీ అంచులు మడత గీత వెంట బలహీనపడి ఉంటాయి. కిటికీ దగ్గర వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఆ గీత సన్నని తెల్లని చారలా తేలుతుంది, దాని మీద మిషన్ కుట్టు పడిందంటే తపాలా బిళ్లల మధ్య చిల్లుల్లాగా అక్కడే చిరిగిపోతుంది. ఇక జార్జెట్ ముక్క ఫుట్ కింద ఒక్క క్షణం నిలవదు. నూలు ముక్క మీద నుంచి దాని మీదికి వచ్చేసరికి అది పక్కకు జారి, గీత వంకరపోతుంది. ఆ ముక్కల వెనక కత్తిరించే ముందే, ఇస్త్రీ వేడికి అంటుకునే పలుచని ఫ్యూజింగ్ గుడ్డ అంటించి ఉంటే అవి కూడా నూలు బట్టలాగే నిలబడేవి. పైపొర అంతా అయిపోయాక అంటించడానికి వీలుండదు, అప్పటికి ప్రతి ముక్కా పక్క ముక్కతో ముడిపడి ఉంటుంది.

సూది విషయంలోనూ అదే ఇరకాటం. నాలుగు మూలలు కలిసే చోట, అతుకులన్నీ ఒకే వైపు మడిచి ఉంటే, ఎన్నో పొరలు గట్టిగా పేరుకుపోతాయి. 16 నంబరు సూది అక్కడ వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. 18 నంబరు వేస్తే మూల దాటుతుంది గాని, వెంకటగిరి ముక్క మీద కంటికి కనిపించేంత చిల్లులు పడతాయి. పక్క పక్క వరుసల అతుకులను ఎదురెదురు దిశల్లో మడిచి ఇస్త్రీ చేసుంటే ఆ గుట్ట రెండు పక్కలకూ విడిపోయి, ఒకే సూదితో అంతా కుట్టవచ్చు. పైపొర కుట్టేటప్పుడు ఒక్క నిమిషం కూడా ఎక్కువ పట్టని పని ఇది.

మిషన్ మీద ఓసారి తిప్పడం అంటే ఎంత పనో కూడా చెప్పాలి. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు ఉన్న బొంతకు రెండేసి అంగుళాల ఎడంతో నిలువు గీతలూ, అడ్డ గీతలూ కుడితే మొత్తం కుట్టు పొడవు సుమారు 130 మీటర్లు వస్తుంది. పైదారం, బాబిన్ దారం రెండూ దేనికది అంతకన్నా ఎక్కువే ఖర్చవుతాయి. ఇళ్లలో వాడే మిషన్‌కు సూదికీ, కుడివైపు ఉన్న స్తంభానికీ మధ్య ఆరేడు అంగుళాల ఖాళీ మాత్రమే ఉంటుంది. నడిమి గీత కుట్టేటప్పుడు 30 అంగుళాల బొంతను, దూదితో సహా చుట్ట చుట్టి ఆ సందులో దూర్చాలి. మిగతా బరువంతా బల్ల మీద నుంచి కిందికి వేలాడుతూ లాగుతుంటే కుట్టు చిన్నదవుతుంది, వంకరపోతుంది. అందుకని ఎడమ భుజం మీద కొంత వేసుకుని, కుడిపక్క కుర్చీ పెట్టి దాని మీద కొంత ఆనించి, రెండు అరచేతులతో సూది ముందున్న భాగాన్ని మాత్రమే చదును చేస్తూ నడపాలి. దీనికి ముందు మూడు పొరలూ కదలకుండా నేల మీద పరిచి, మోకాళ్ల మీద పాకుతూ బెత్తెడు దూరానికో పిన్నీసు పెట్టడమో, పొడవాటి కచ్చాకుట్లు వేయడమో అనే పని ఉంది. అది బయటివాళ్ల కంటపడదు.

ఇంత చేశాక అడుగున మడత పడిందని తెలిస్తే విప్పడం తప్ప గత్యంతరం లేదు. మిషన్ కుట్టు విప్పడం చేతికుట్టు విప్పినట్టు ఒక్క లాగుతో అయ్యేది కాదు. ఏడెనిమిది కుట్లకొక చోట అడుగు దారాన్ని తెంపుతూ పోవాలి. మంగళగిరి బట్ట మీద చిల్లులు తడి చేస్తే పూడుకుంటాయి, పట్టు మీద అవి శాశ్వతం. స్నేహితురాలి తల్లి చీర మీద అలాంటి చిల్లు పడుతుందేమోనన్న భయంతో ప్రతి గీతకూ చెయ్యి బిగుసుకుపోతుంది. ఈ పని చేసేవాళ్లను అన్నిటికన్నా ఎక్కువగా అలసట పెట్టేది నిజానికి ఇదే. బజారు బట్టకైతే పోతే పోయిందని మరో గజం తెచ్చుకుంటాం, ఈ చీరలకు రెండో గజం లేదు.

అయితే నోరు తెరిచి చెప్పడం ఇంకా కష్టం. పరాయివాళ్ల బట్ట అయితే “అంచు సరిగా లేదండీ, విప్పి తీసుకురండి” అని వెనక్కి పంపవచ్చు. స్నేహితురాలు నెలల తరబడి ప్రేమగా అతికిన దాన్ని పట్టుకుని వంకలు పెట్టడానికి మనసొప్పదు. చెప్పకపోతేనేమో ఆ లోపాలన్నీ చివరికి కుట్టిన మనిషి లోపాలుగానే కనిపిస్తాయి. పూర్తయిన బొంతను చూసిన ఎవరైనా “ముక్కలు భలే అతికారు, మిషన్ కుట్టు మాత్రం ముడతలు పడింది” అంటారే తప్ప, ఆ ముడత ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదు. డబ్బు విషయంలో కూడా స్నేహం అడ్డొస్తుంది. జాకెట్టు కుడితే కూలి ఇంత అని ఎవరూ అడగకుండానే ఇస్తారు. బొంత మిషన్ పనికి మన ఊళ్లలో ఒక రేటు అంటూ స్థిరపడలేదు, దారం ఖరీదు అడగడానికే మొహమాటపడే పరిస్థితి. ఇందులో ఆమెను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు, నేర్పినవాళ్లూ చెప్పలేదు.

అమెరికాలో ఈ రెండు పనులూ విడిపోయి చాలాకాలమైంది. అక్కడ ఒకరు పైపొర కుడతారు, దాన్ని పెద్ద చట్రం మీద నడిచే లాంగ్ ఆర్మ్ మిషన్ ఉన్న మరొకరికి పంపుతారు. పైపొర ఎలా ఉండాలో ఆ రెండో మనిషి ముందుగానే చెబుతుంది. వదులు దారాలు కత్తిరించి ఉండాలి, ఇస్త్రీ చేసి ఉండాలి, అంచులు చదునుగా ఉండాలి, అడుగు బట్ట పైపొర కన్నా ప్రతి వైపూ దాదాపు నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండాలి అన్నవి అక్కడ మామూలు నిబంధనలు. కూలి చదరపు అంగుళాల లెక్కన కడతారు. అక్కడ కూడా మిషన్ కుట్టుకు గౌరవం ఊరికే రాలేదు. చేతికుట్టు ఒక్కటే అసలైన కళ అని చాలాకాలం అనుకున్నారు. కెంటకీ రాష్ట్రంలోని పడుకా పట్టణంలో జరిగే పెద్ద పోటీలో 1989లో కేరిల్ బ్రయర్ ఫాలర్ట్ గారు పూర్తిగా మిషన్ మీద కుట్టిన బొంతకు అత్యుత్తమ బహుమతి వచ్చినప్పుడు పెద్ద చర్చే నడిచింది. ఇప్పుడు అక్కడ ఆ వాదన చాలావరకు సద్దుమణిగింది. పైపొర ఒకరు చేసి, మిషన్ పని ఇంకొకరు చేస్తే ప్రదర్శనలో ఇద్దరి పేర్లూ వేస్తారు. మన దగ్గర బొంత మూలన చిన్న గుడ్డముక్క మీద కుట్టిన మనిషి పేరు రాసుకునే అలవాటు కొత్తగా వస్తోంది, ఆ గుడ్డముక్క మీద ఇద్దరి పేర్లకూ చోటుంటుంది.

నా స్నేహితురాలి బొంత విషయానికొస్తే, నేల మీద పరిచి, టేపు ఆమె చేతికే ఇచ్చి కొలిపించాక తనకే అర్థమైంది. ఇద్దరం కూర్చుని నాలుగు వైపుల అంచులూ విప్పి, నడిమి కొలతకు మళ్లీ వేశాం. గడుల్లో ఉన్న ఉబ్బును విప్పడం సాధ్యం కాదు కనుక మందమైన దూది పొర వేయించాను, అది లోపలి నుంచి నింపుతుంది కాబట్టి కొంత లూజు అందులో కలిసిపోతుంది. దగ్గర దగ్గర గీతలు మానేసి, అతుకుల వెంటనే కుట్టాను. జార్జెట్ ముక్కలున్న చోట మిషన్ వాడలేదు, ఆమే కూర్చుని చేత్తో కుట్టింది. పైపొరకు వాడినవి పలుమార్లు ఉతికిన చీరలు, అడుగున ఆమె తెచ్చింది కొత్త బట్ట. ఉతకకుండా వేస్తే మొదటి ఉతుకులో అడుగు ఒక్కటే కుంచించుకుపోయి మొత్తం ముడుచుకుపోయేది. ఆమె చేత దాన్ని రెండుసార్లు నీళ్లలో నానబెట్టించి ఆరేయించాను.

సంపాదకులు గారికి నా విన్నపం ఏమిటంటే, బొంతల మీద మీరు ప్రచురించే శీర్షికల్లో పైపొర నమూనాతో పాటు, దాన్ని మిషన్ పనికి సిద్ధం చేసే పద్ధతి కూడా కొలతలతో సహా ఇవ్వండి. అంచు పట్టీ కొలిచే విధానం, పావు అంగుళం కుట్టు సరిచూసుకునే తీరు, అతుకులు ఎటు మడిచి ఇస్త్రీ చేయాలన్నది, అడుగు బట్ట ఎంత పెద్దదిగా ఉండాలన్నది ఒక బొమ్మతో అర పేజీలో చెప్పవచ్చు. శిక్షణ తరగతులు నడిపే వారు తమ విద్యార్థినుల చేత కనీసం ఒక చిన్న కుషన్ కవరైనా మూడు పొరలతో, వాళ్లు అతికిన పైపొరతోనే మిషన్ మీద కుట్టించి చూపాలి. ఆ అర పేజీలో వచ్చే వారం నుంచి దారం ఖరీదూ, మిషన్ కూలీ ఎలా లెక్కకట్టాలో కూడా ఒక మాట రాస్తే, స్నేహితుల దగ్గర నోరు విప్పలేక ఊరికే కుట్టిపెడుతున్న ఆడవాళ్లు ఆ పేజీనే చూపించి అడగగలుగుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి.